తవుడుకు కొన్న బిడ్డ

సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం, అయిదు నెలల కూతురిని మట్టిలో పెట్టి ఇంటికొచ్చిన గంటలోపే, హులిగమ్మ తన పాస్టరుకు ఫోన్ చేసి ప్రార్థనలో ఒక వాక్యం తప్పిపోయిందని చెప్పింది.

పాస్టరు లోకేష్ పాల్ అప్పుడు అన్నం తింటున్నాడు. ఏ వాక్యమమ్మా అని అడిగాడు.

"'ఈ చిన్నబిడ్డ ఇప్పుడు తండ్రి ఒడిలో ఉంది' అనేది సార్. మట్టి ఏసే ముందర సెప్తారు కదా. మీరు సెప్పల్యా. మరిసిపోయినారేమో అని చేసినా."

ఆయన మరిచిపోలేదు. కావాలనే వదిలేశాడు. ఆ మాట ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక, ఆదివారం ఆరాధన అయ్యాక కనపడమన్నాడు. తర్వాత పెరుగు వేసుకున్నాడు.

హులిగమ్మ ఆ వాక్యాన్ని అంతకుముందు రెండుసార్లు విన్నది. ఒకసారి నలభై రోజుల కొడుకుకు, ఇంకోసారి ఏడు నెలల కూతురికి. ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. పుస్తకం వేలు పెట్టుకుని చదువుతుంది గానీ, విన్న ప్రార్థన మరిచిపోదు. ఎవరైనా కీర్తన తప్పు పాడితే వెనక వరుసలోంచే సరిచేస్తుంది. అందుకే సంఘంలో ఆమెను పెద్దగా ఎవరూ ఇష్టపడరు.

వయసు ముప్ఫై ఒకటి. పుట్టింది ఆలూరు వైపు ఒక మెట్టపల్లెలో. పదేళ్ల నుంచే శనక్కాయ పీకడానికి పోయేది. పద్దెనిమిదేళ్లకు ఎమ్మిగనూరు శివారు కాలనీకి కోడలుగా వచ్చింది. మొగుడు ఉమేష్ ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. ఆమె అదే ఊళ్లో జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుంది. రంగు మారిన పత్తిని, కాయ పెచ్చులను, గోనె పీచును గుట్టలోంచి వేరు చేయడం ఆమె పని. పత్తి కాలంలో పొద్దున ఆరున్నర బస్సుకు ఇద్దరూ కలిసి పోతారు, సాయంత్రం ఎవరి దారిన వాళ్లు వస్తారు. ఉమేష్ మంచివాడని కాలనీలో చెప్పుకుంటారు. మంచివాడే. ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా పక్కకు తప్పుకునే మంచితనం.

ఇద్దరు బిడ్డలకూ నెల తిరగకముందే బాప్తిస్మం ఇప్పించింది. ఇద్దరూ పోయారు. మూడోది కడుపున పడ్డప్పుడే పక్కింటి మారెమ్మ తేల్చి చెప్పేసింది.

"నువ్వు బిడ్డ పుట్టేది ఆలస్యం, తీసుకపోయి మైకులో పేరు పిలిపిస్తాండావు. సావుకు అడ్రస్ ఇచ్చినట్ల కాదా? ఈసారి నాకు అమ్ము. నేను కొంటా."

మారెమ్మ పశువుల మేత కొట్టు నడుపుతుంది. తవుడు, గానుగ చెక్క అమ్ముతుంది. నలుగురు పిల్లలు, నలుగురూ బతికున్నారు. ఈ వైపు పిల్లలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డను చాటలో వేసి తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద పెడతారు. పిల్లలు నిలిచిన ఆడమనిషి ఆ దారిన వస్తుంది. ఎవరిదీ బిడ్డ అని అడుగుతుంది. ఎవరిదీ కాదని తల్లి చెబుతుంది. ఆమె సేరు తవుడు కొలిచి ఇచ్చి బిడ్డను కొంటుంది. ఆ రోజు నుంచి తల్లి పాలు మాత్రమే ఇస్తుంది, బిడ్డ మాత్రం కొన్నామెది. ఏడాది తిరిగాక అదే తవుడు తిరిగి ఇచ్చి వెనక్కి తెచ్చుకుంటారు. చావు వచ్చి హులిగమ్మ బిడ్డ ఏదని అడిగితే, హులిగమ్మకు బిడ్డ లేదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు పల్లెల్లో తిప్పన్న, తిప్పమ్మ అని పేరున్న ప్రతి మనిషినీ ఎవరో ఒక తల్లి ఇట్లా దాచిపెట్టిందే.

ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. సర్టిఫికెట్‌లో జ్యోత్స్న అని రాయించారు. పదకొండో రోజు పొద్దున మారెమ్మ కొట్టు వెనక తిప్ప మీద అమ్మకం జరిగింది. మారెమ్మ సేరుకు పైన ఇంకో గుప్పెడు వేసి "ఎక్కువే ఇచ్చినా, మల్ల అడగొద్దు" అన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడాది తిరిగి బిడ్డను వెనక్కి తెచ్చుకున్నాక బాప్తిస్మం ఇప్పించాలని హులిగమ్మ అనుకుంది. అడిగినవాళ్లకు మిల్లు పని అయిపోనీ అని చెప్పింది.

సెప్టెంబరులో నిమ్ముతో నాలుగు రోజుల జ్వరం. కర్నూలు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

ఇక పాస్టరు సంగతి.

ఈ సంఘానికి ఇరవై రెండేళ్లు సుందరప్ప అని ఒక అయ్యగారు పనిచేశాడు. ఆయన రిటైరై ఆలూరు పోయాక, రెండేళ్ల కిందట లోకేష్ పాల్ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఫోన్‌లోనే పాఠాలు వింటూ రెండేళ్ల కోర్సు చేశాడు. ఆ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి, పెళ్లి ఫోటో కన్నా పైన తగిలించాడు. కోర్సు మొత్తంలో ఆయనకు అన్నిటికన్నా నచ్చింది ఒకే విషయం. దాని పేరు ఏర్పాటు. లోకం పుట్టకముందే, ఎవరు రక్షణ పొందాలో ఎవరు పొందకూడదో దేవుడు ఎంచి పెట్టాడు. ఆ తర్వాత మనిషి ఏం చేసినా అది మారదు. ఇది మోయలేని సిద్ధాంతం. దీన్ని నమ్మి నిద్ర పట్టక కుమిలినవాళ్లు లోకంలో ఉన్నారు. లోకేష్ పాల్‌కు మాత్రం నిద్ర బాగానే పట్టేది. తన పేరు ఏ వైపు ఉందో ఆయనకు ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

పసిబిడ్డలు పోతే ఏమిటన్న ప్రశ్నకు కోర్సు నోట్సులో అర పేజీ ఉంది. విశ్వాసుల బిడ్డలు పసితనంలో చనిపోతే, తల్లిదండ్రులు వాళ్ల ఏర్పాటును అనుమానించనక్కర లేదు. తక్కినవాళ్ల బిడ్డల గురించి నోట్సు ఏమీ అనలేదు. మంచి మనసున్నవాడైతే ఆ ఖాళీ జాగాను దేవుడికే వదిలిపెట్టేవాడు. లోకేష్ పాల్ ఆ జాగాకు కంచె వేసి కాపలా కూర్చున్నాడు.

ఆదివారం హులిగమ్మ వచ్చింది.

"చూడమ్మా, ఫలానా ఆత్మ ఫలానా చోట ఉందని చెప్పడానికి మనమెవరం?" అన్నాడు పాస్టరు.

"ముందర ఇద్దరికీ పాత అయ్యగారు సెప్పినారు కదా సార్."

"ఆ ఇద్దరూ బాప్తిస్మం పొందిన బిడ్డలు. విశ్వాసుల ఇంటి బిడ్డలు."

"ఇదీ అదే ఇంట్లో పుట్టింది కదా."

"పుట్టిందమ్మా. కానీ నువ్వు ఆ బిడ్డను అన్యురాలి చేతికి అమ్మావని సంఘంలో చెప్పుకుంటున్నారు. చనిపోయేనాటికి ఆ బిడ్డ ఎవరి బిడ్డ? అదీ ప్రశ్న."

హులిగమ్మ కాసేపు ఆయన మొహం చూసింది. హాస్యం ఆడుతున్నాడేమోననుకుంది. ఆయనకు హాస్యం రాదు.

"సరే సార్. ఆ మాట మీకు ఇష్టం ల్యాకుంటే ఇడిసిపెట్టండి. నవంబరు రెండున పేర్లు సదువుతారు కదా, దాంట్లో నా బిడ్డ పేరు సదవండి. సాలు."

ఏటా నవంబరు రెండున సంఘమంతా సమాధుల దగ్గరకు పోతుంది. గోరీలకు సున్నం వేస్తారు, కొవ్వొత్తులు పెడతారు, ప్రభువునందు నిద్రించినవారి జాబితా చదువుతారు. జాబితాలో పేరుంటే బిడ్డ దేవుడి దగ్గర ఉన్నట్టు. లేకపోతే ఏమిటో ఎవరూ చెప్పరు గానీ అందరికీ తెలుసు. పాస్టరు కమిటీలో పెడతానన్నాడు.

హులిగమ్మ కమిటీని నమ్ముకుని కూర్చోలేదు. ఆ బుధవారం మిల్లు ఎగ్గొట్టి ఆదోనిలో బస్సు మారి ఆలూరు పోయింది. సుందరప్ప అయ్యగారు వసారాలో ఉగ్గాని తింటున్నాడు. ఆమెను చూసి సంతోషించాడు, ఒక ప్లేటు ఆమెకూ పెట్టించాడు. విషయం విన్నాక తినడం ఆపాడు.

"ఆ మాట పుస్తకంలో ల్యాదమ్మా హులిగమ్మా."

"ల్యాదా?"

"ల్యాదు. నేనే కలిపినా. కొత్తలో ఒక తల్లి గుంత కాడ్నుంచి లెయ్యల్యా. సాయంత్రందాకా కూసున్యాది. అప్పుడు నోటికొచ్చింది సెప్పినా. లేసింది. ఇంగ అప్పట్నుంచి అందరికీ అదే సెప్తాంటి."

"అయితే అది నిజమా కాదా అయ్యగారూ?"

"నాకేం తెలుసమ్మా?"

"నీకూ తెలీదు, ఆయప్పకూ తెలీదు. నువ్వు సెప్పినావు, ఆయప్ప సెప్పల్యా. అంతే కదా?"

"అంతే."

"అయితే నువ్వే వచ్చి సెప్పు. బిడ్డ గోరీ కాడ నిలబడి ఒక్క మాట. మల్ల నేనే బస్సు ఎక్కిస్తా."

సుందరప్ప ప్లేటు వైపు చూశాడు. రిటైరైన మనిషి ఇంకొకరి సంఘంలో వేలు పెట్టకూడదన్నాడు. అది పద్ధతి కాదన్నాడు. పెన్షన్ కాగితాలు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయన్నాడు. ఇరవై రెండేళ్లు రూపాయి ఖర్చు లేకుండా పంచిన మాట, ఖర్చు తగిలేసరికి ఆయన నోట్లోంచి రాలేదు. హులిగమ్మ ప్లేటు కడిగి బోర్లించి వచ్చింది.

అక్టోబరు రెండో ఆదివారం మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. రేకుల చర్చి, అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, అయిదుగురు మగవాళ్లు. పాస్టరు మధ్యలో. కార్యదర్శి దావీదు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు, చేతిలో మినిట్స్ పుస్తకం. సాక్ష్యం చెప్పడానికి మారెమ్మను పిలిపించారు. ఆడవాళ్లకు కుర్చీలు వేయలేదు. మారెమ్మ మూలనున్న కీబోర్డు వాయించేవాడి స్టూలు లాక్కుని కూర్చుంది. హులిగమ్మ నిలబడే ఉంది. ఉమేష్ గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు ఆ బిడ్డను కొన్నావా?" దావీదు అడిగాడు.

"కొన్న్యా."

"ఎంతకు?"

"సేరు తవుడు. పైన గుప్పెడు. రాసుకో అన్నా, గుప్పెడు మరిసిపోయేవు."

దావీదు రాసుకున్నాడు.

"పూజ ఏమన్నా చేసినారా? కుంకుమ పెట్టినారా?"

"తిప్ప మీద పూజ ఏమిటప్పా? ఈగలు తోలినా."

"చనిపోయేనాటికి బిడ్డను తిరిగి ఇచ్చినావా?"

"ఏడాది తిరగల్యా కదా."

"అంటే అప్పటికి బిడ్డ నీదే."

మారెమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "దావీదన్నా, కరెంటాఫీసులో నీ పేరేమి?"

దావీదు పెన్ను ఆగింది.

"తిప్పన్న కదా? బిల్లు పుస్తకం మీద సంతకం తిప్పన్న అని కదా పెడతాంటివి? నిన్ను తిప్ప మీద యాల పండబెట్టినారో మీ అమ్మను ఎప్పుడన్నా అడిగినావా? నిన్ను కొనింది మా మేనత్త. తవుడు ఇచ్చి తీసుకున్యాది. మల్ల మీ అమ్మ ఇడిపించుకున్యాదో లేదో నాకు తెలీదు. ఎవరి బిడ్డవు నువ్వు? అది తేల్చుకుని మల్ల ఈ పసిదాని సంగతి రాయి."

నలుగురిలో ఒకడు నవ్వి దగ్గులోకి మార్చుకున్నాడు. దావీదు కాగితాల్లో ఈ రోజుకీ తిప్పన్నే. మతం అన్న గడిలో హిందువు అనే ఉంది. ఆ కాగితం మీదే ఉద్యోగం వచ్చింది, కొడుకు సీటూ వచ్చింది. కాలనీలో ముప్పాతిక మంది కాగితాలు అట్లాంటివే, బతకాలంటే అట్లాగే రాయించుకోవాలి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ అట్లాంటి కాగితం ఇనప్పెట్టెలో పెట్టుకున్న మనిషి, అయిదు నెలల బిడ్డ ఏ మతం చేతుల్లో పోయిందని పెన్ను పట్టుకుని అడగడానికి ఒక రకమైన మొండి చర్మం ఉండాలి.

ఆ చర్మంతోనే దావీదు ఒక దారి కూడా కనిపెట్టాడు. మారెమ్మ బిడ్డను కమిటీ ముందు తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందన్నాడు. హులిగమ్మ సేరు తవుడు తెచ్చి ఇవ్వాలి. మారెమ్మ పుచ్చుకుని, బిడ్డ నీదే అనాలి. మినిట్స్‌లో రాసుకుంటే అప్పుడు బిడ్డ విశ్వాసుల బిడ్డే అవుతుంది. జాబితాలో పేరు ఎక్కించవచ్చు.

బిడ్డను పాతిపెట్టి అప్పటికి మూడున్నర వారాలు. పాస్టరు ఈ మాట విని లేచి పోలేదు. కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆలోచించి, తవుడు చర్చి లోపలికి తేవడం మాత్రం బాగుండదు, గేటు బయట జరిగితే తనకు అభ్యంతరం లేదన్నాడు. విగ్రహారాధన పోవాలని ఆదివారం ఆదివారం మైకు పగిలేట్టు అరిచే మనిషి, తన సిద్ధాంతం నిలబెట్టుకోవడానికి పెంటకుప్ప తంతును చివరిదాకా జరిపించమన్నాడు.

"దానికేముంది," అంది మారెమ్మ లేస్తూ. "కొట్టు దగ్గరే ఉండాది. ఇప్పుడే తెస్తా. తవుడు కూడా నాదే తీసుకో హులిగీ, మల్ల నాకే ఇయ్యి. ఈ ముసలోళ్ల నోరు మూతపడతాది."

"కూసో అక్కా," అంది హులిగమ్మ.

ఆమె పాస్టరు వైపు తిరిగింది. "సార్, ఒకటి అడగాల. లోకం పుట్టకముందరే దేవుడు రాసి పెట్టినాడంటాండారు కదా?"

"అవునమ్మా."

"అప్పుడు నా చాట యాడుండాది? ఈయక్క తవుడు యాడుండాది?"

"అంటే..."

"ముందరే రాసినాడంటే, నేను తిప్ప మీద పెట్టినా, నెత్తిన పెట్టుకున్యా ఆ రాతేమన్నా మారుతాదా? మారదు కదా. మరి తవుడు తెమ్మని యాల అడుగుతాండారు?"

రెండేళ్ల కోర్సులో ఈ ప్రశ్న రాలేదు. లోకేష్ పాల్ బొటనవేలితో ఫోన్ అంచు రుద్దాడు. "రాత మారదమ్మా. మనం ఆశ పెట్టుకోవడానికి మాత్రం ఒక ఆధారం ఉంటుంది. ఇది చాలా లోతైన విషయం."

"లోతు నేను మూడుసార్లు సూసినా సార్. మూడడుగులు."

హులిగమ్మ దావీదు ముందున్న జాబితా కాగితం మీద వేలు పెట్టింది. పోయినేడాది జాబితా అది, కొత్త పేర్లు కలపడానికి తెచ్చారు. పైనుంచి కిందికి వేలు జరుపుతూ తన ఇద్దరి పేర్లనూ పట్టుకుంది.

"సిన్నదాని పేరు రాయకుంటే ఈ రెండూ కొట్టేయండి."

"అట్ల ఎట్ల కొట్టేస్తామమ్మా?" అన్నాడు దావీదు.

"పెన్నుతో."

పాస్టరు కంగారుపడ్డాడు. ఏర్పరచబడినవారిని ఎవరూ తీసెయ్యలేరన్నాడు. తల్లి అయినా సరే, అది మనిషి చేతిలో లేదన్నాడు.

"మనిషి చేతిలో ల్యాకుంటే ఈ కాగితం ఎవరు రాసినారు సార్? ఇది దావీదన్న రాత కదా. దేవుడి జాబితా దేవుడి దగ్గర ఉండనీ. ఈ జాబితాలో నా బిడ్డలు ముగ్గురన్నా ఉండాల, ల్యాకుంటే ఒక్కరూ ఉండగూడదు. మీరే తేల్చుకోండి."

గంటంపావు తేల్చుకున్నారు. మూడో పేరు కలిపితే సిద్ధాంతం పోతుంది. రెండు పేర్లు కొట్టేస్తే పోయేదేమీ లేదు. మొదటిదానికి ధైర్యం కావాలి, రెండోదానికి పెన్ను చాలు. చివరికి దావీదు మినిట్స్‌లో రాసిన వాక్యం ఇది: తల్లి కోరిక మేరకు రెండు పేర్లు చదవకుండా నిలిపివేయడమైనది, ఇందువలన వారి రక్షణకు ఎట్టి భంగమూ లేదు. కింద అయిదుగురూ సంతకం చేశారు. దావీదు సంతకం దావీదు అనే చేశాడు.

ఇంటికి పోతుంటే ఉమేష్ పది అడుగులు వెనక నడిచాడు. మారెమ్మకు మాత్రం కోపం ఆగలేదు.

"నీకేమన్నా మతి ఉందా? ఉన్న ఇద్దరన్నా ఉండనీ కదా. వాళ్లు ఏం చేసినారు పాపం?"

"ఆ ఇద్దరూ లోపల, ఇదొక్కతి బయటా?" అంది హులిగమ్మ. "అయిదు నెలల పిల్ల. ఎవురు ఎత్తుకుంటారు దాన్ని?"

నవంబరు రెండు ఆదివారం వచ్చింది. సమాధులకు సున్నం వేశారు. హులిగమ్మ పొద్దున్నే పోయి, మూడు చిన్న గోరీలకూ ఒకే బకెట్‌లోని సున్నం వేసి, జాబితా చదవకముందే ఆదోని బస్సెక్కింది. మిల్లులో ఆ రోజు పని ఉంది.

పోయినేడాది జాబితాలో నలభై మూడు పేర్లున్నాయి. ఈ ఏడాది సంఘంలో పోయిన పెద్దవాళ్లు ముగ్గురు. లోకేష్ పాల్ మైకులో నలభై నాలుగు పేర్లు చదివాడు.